యానాం వాడి వైను పాఠాలు

మాది యానాం అని చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో ఒక చిన్న నవ్వు కనిపిస్తుంది. రైల్లో పరిచయమైనవాళ్లయినా సరే, పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చున్నవాళ్లయినా సరే. "యానామా! ఇంకేం, మీకేం లోటు మాస్టారూ" అంటారు. దేనికి లోటు లేదో ఇద్దరికీ తెలుసు కాబట్టి నేనూ నవ్వి ఊరుకుంటాను. ఏం చేస్తాం, సరిహద్దు మీదున్న వూరి జాతకం అది. అవతల ఏది కూడదంటే దానికోసం జనం ఇవతలికి వస్తారు. 1930లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం అమలుకి వచ్చి బాల్యవివాహాలు నేరమైతే, చుట్టుపక్కల వూళ్లవాళ్లు పిల్లల్ని బళ్లెక్కించుకుని ఫ్రెంచివాళ్ల యానాం వచ్చి మూడుముళ్లూ వేయించుకుని పోయేవారు. వూరికి కల్యాణపురం అని పేరు వచ్చింది. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. మేం పాండిచ్చేరి కింద ఉన్నాం కాబట్టి ఆ చట్టం మాకు పట్టలేదు. అప్పుడు వచ్చిన పేరు ఇప్పటికీ పోలేదు.

అటువంటి వూళ్లో సోషలు మాస్టారుగా రిటైరైనవాణ్ణి, అరవై ఆరేళ్ల వయసులో ఫ్రాన్సు వెళ్లి, వైను రుచి చూడడం నేర్పే క్లాసులో కూర్చున్నానంటే ఎవరు నవ్వరు? మా బంధువుల్లో బెంగుళూరు వాళ్లు, షోలాపూరు వాళ్లు, బరంపురం వాళ్లు, అందరూ నవ్వారు. నేర్చుకోవడానికి అక్కడిదాకా పోవాలా అని ఎకసెక్కం చేశారు. మా ఇంటి సంగతి దగ్గరగా తెలిసిన ఇద్దరు ముగ్గురు మాత్రం నవ్వలేదు. ఆ సంగతి ముందు చెప్పకపోతే తర్వాత రాసేదేదీ అతకదు.

మా బాబాయి ఫ్రెంచి పౌరుడు. యానాం 1954లోనే ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి బయటపడినా, కాగితాల మీద అప్పగింత పూర్తయింది 1962 ఆగస్టులో. ఆ తర్వాత ఆరు నెలల్లోగా కావలసినవాళ్లు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చన్నారు. మా నాన్న "పుట్టింది ఇక్కడ, పోయేదీ ఇక్కడే" అని సంతకం పెట్టలేదు. బాబాయి పెట్టాడు. వాళ్ల సైన్యంలో చేరాడు. ఆనక తూర్ అనే వూళ్లో స్థిరపడ్డాడు. 1974 సంక్రాంతికి సెలవు మీద వస్తూ నాన్నకి ఒక వైను సీసా తెచ్చాడు. నాన్నకి అలవాటు లేదు. తమ్ముడు అంతదూరం మోసుకొచ్చింది కదా అని పారెయ్యనూ లేడు. బీరువా మీద పెట్టించాడు. అమ్మ దాన్ని "ఆ సీసా" అనేది, పేరెత్తకూడని మనిషిని అన్నట్టు.

నాకప్పుడు పదిహేడు, అన్నయ్యకి ఇరవై. ముక్కనుమ నాడు మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే ఇద్దరం ఆ సీసాని తువ్వాల్లో చుట్టుకుని గౌతమి గట్టుకి పోయాం. బిరడా ఎలా తియ్యాలో తెలీదు. గొడుగు ఊచతో లోపలికి తోసేశాం. సగం ముక్కలై పైకి తేలింది. ద్రాక్షపళ్ల రసం కదా, తియ్యగా ఉంటుందనుకున్నాం. నోట్లో పోసుకుంటే చింతపండు నీళ్లు! అన్నయ్య సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి, "ఒరేయ్, ఇది గొంగళి కంపురా. వానలో తడిసిన గొంగళి" అన్నాడు. నేను ఇంటికి పరుగెత్తుకెళ్లి పొట్లంలో పంచదార తెచ్చాను. పంచదార కలుపుకుని, ఎండురొయ్యలు నంజుకుంటూ, స్టీలు గ్లాసులతో సీసా అంతా ఖాళీ చేశాం. ఎవరు ఎక్కువ కక్కుకున్నారో ఇప్పుడు గుర్తులేదు.

అన్నయ్య ఆ సీసాని గోదాట్లో పడెయ్యలేదు. శుభ్రంగా కడిగి తీసుకెళ్లి అమ్మ ముందు పెట్టాడు. తప్పు చేసి దాచుకోవడం వాడికి చేతకాదు. అమ్మ చెరో రెండూ తగిలించి, సీసా ఎండబెట్టి, అందులో పప్పునూనె పోసుకుంది. ఇవాళ్టికీ అది మా వంటింటి గూట్లోనే ఉంది.

తర్వాతి కథ చాలా ఇళ్లలో ఉన్నదే, పొడిగించను. అన్నయ్య ఒక లారీ ఆఫీసులో లెక్కలు రాసేవాడు. 1995లో మా వూరి షాపులకి గిరాకీ పెరిగినప్పుడు, ఒక షాపువాళ్లు ఎక్కువ జీతం ఇస్తామంటే గుమాస్తాగా చేరాడు. తెల్లారకుండానే జనం. పడవల మీద, సైకిళ్ల మీద, ఆటోల మీద. కట్టేసే వేళకి అన్నయ్య కూడా ఒక గ్లాసు పట్టుకునేవాడు. శనివారాలు నేనూ వెళ్లి ఎదురుగా కూర్చునేవాణ్ణి. మాస్టార్ని కదా, నాకు లెక్క తెలుసు, రెండు దాటనని గర్వం. ఎదురుగా కూర్చున్నవాడు ఎన్ని దాటాడో మాత్రం లెక్కపెట్టలేదు. 1997లో ఆంధ్రాలో నిషేధం సడలించారు, జనం తగ్గారు. అన్నయ్య గ్లాసు తగ్గలేదు. 1998 నవంబరులో కాకినాడ ఆసుపత్రిలో పోయాడు. నలభై నాలుగేళ్లు.

దినవారాలు అయిన మర్నాడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. నా చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది. "చిన్నోడా, ఇంక ఒక్క చుక్క నీ గొంతు దిగకూడదు" అంది. దిగదమ్మా అన్నాను. 2009లో అమ్మ పోయింది. ఒట్టు అలాగే ఉంది.

ఇప్పుడు క్లాసు సంగతికి వస్తాను. బాబాయి కొడుకు నాకంటే పదకొండేళ్లు చిన్న. అక్కడే పుట్టి అక్కడే పెరిగాడు. తెలుగు అర్థమవుతుంది గాని, మాట్లాడబోతే వాక్యం సగంలో ఫ్రెంచిలోకి జారిపోతుంది. "అన్నియ్యా" అన్న ఒక్క పిలుపు మాత్రం అచ్చం మా గోదారి జిల్లా పిలుపు, వాళ్ల నాన్న దగ్గర పట్టుకున్నాడు. 2023 మే నెలలో నాకు టిక్కెట్టు పంపి రప్పించుకున్నాడు. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో రానంది. వెళ్లిన మూడోనాడు వాడు ఒక కవరు నా చేతిలో పెట్టాడు. రెండు పూటల వైను క్లాసుకి నా పేర డబ్బు కట్టేశాడు. యానాం అన్నయ్య కదా, మురిసిపోతాడనుకున్నాడు. మా అన్నయ్య పోయాడని వాడికి తెలుసు గాని, ఎలా పోయాడో తెలీదు. పై దేశాల్లో ఉన్నవాళ్లకి మనం చావుకబుర్లు చెబుతాం గాని కారణాలు చెప్పం.

నేను గొంతు సవరించుకుంటూండగానే వాడు, "మింగక్కర్లేదు అన్నియ్యా, అందరూ ఉమ్మేస్తారు" అన్నాడు. ఆ రాత్రి పడుకుని అమ్మ మాటని ప్లీడరులా తిరగేశాను. గొంతు దిగకూడదంది. నోట్లో పోసుకోకూడదనలేదే! చట్టంలో సందు కనిపించింది. అదీగాక, నిజం చెప్పొద్దూ, చూడాలనిపించింది. మా అన్నయ్యని తీసుకుపోయింది వైను కాదు, బ్రాందీ. మన వూళ్లలో "వైన్స్" అని బోర్డు ఉన్న చోట వైను తప్ప అన్నీ దొరుకుతాయని మీకు తెలిసిందే. అయినా ఆ కుటుంబంలోదాన్ని ఒకసారి తీరిగ్గా, తెలివిలో ఉండి, ఎదురుగా కూర్చుని చూడాలని.

తూర్ పట్టణం ల్వార్ నది ఒడ్డున ఉంది. ఫ్రాన్సులో అన్నిటికంటే పొడుగైన నది అది, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. మే నెలకే నీళ్లు తగ్గి మధ్యలో ఇసుక మేటలు, చెట్లు మొలిచిన లంకలు. నేను చూస్తూ నిలబడిపోతే మా తమ్ముడు, "నాన్న కూడా ఇలాగే నిలబడేవాడు" అన్నాడు. వూరికి తూర్పున కాస్త దూరం పోతే వూవ్రే అనే చిన్న వూరు. తెల్లటి మెత్తటి సున్నపురాయి కొండని తొలిచి, ఆ గుహల్లో సీసాలు దాస్తారు. పైన ద్రాక్షతోటలు. క్లాసు అటువంటి ఒక గుహ ముందరి గదిలో జరిగింది.

మేం తొమ్మిది మందిమి. పాఠం చెప్పినావిడకి యాభై పైన ఉంటాయి, రైతుబిడ్డ. ఒక్కొక్కరి ముందూ ఆరు చిన్న గ్లాసులు, ఒక తెల్ల కాగితం, ఒక చెంబులాంటి పాత్ర. ఆ పాత్రని చూడగానే నాకు తమ్మపడిగ గుర్తొచ్చింది. జమీందార్ల ఇళ్లలో తాంబూలం నమిలి ఉమ్మడానికి ఇత్తడివి ఉండేవి చూడండి, అదే. గ్లాసు అడుగున బొజ్జ, మూతి ఇరుకు. వాసన పైకి పోకుండా పట్టి ఉంచడానికని చెప్పింది. అందులో పోసేది యాభై మిల్లీలీటర్లు. మా వూళ్లో దాన్ని పోయడం అనరు, ఒలకడం అంటారు.

ముందు రంగు చూడాలి, గ్లాసు వంచి తెల్ల కాగితం మీద. తర్వాత గ్లాసుని తిప్పి ముక్కు పెట్టాలి. నోరు ఆఖరిది. మనం రుచి అనుకునేదాంట్లో చాలాభాగం వాసనేనట. నోట్లోంచి వెనకదారిన ముక్కుకి ఎక్కుతుంది. జలుబు చేసినప్పుడు పప్పుచారు చప్పబడిపోయేది అందుకే. నాలుక్కి సొంతంగా తెలిసేవి కొన్నే.

మొదటిది సాన్సేర్ అనే చోట చేసిన తెల్ల వైను, సోవిన్యో రకం ద్రాక్షతో. వాసన ఏమిటని ఒక్కొక్కర్నీ అడిగింది. ఒకరు పంపరపనస లాంటి పండేదో చెప్పారు, ఒకరు కోసిన గడ్డి అన్నారు. నేను రాచ ఉసిరి అన్నాను. దానికి ఫ్రెంచి మాట తెలియక, చిన్నగా ఆకుపచ్చగా గుత్తులుగా కాసే పులుపు పండు అని వర్ణించి చెప్పాను. మా వూళ్లో బడిలో నేర్చుకున్న ఫ్రెంచి యాభై ఏళ్ల తర్వాత ఇలా అక్కరకొచ్చింది. ఆవిడ తలూపి, కొంచెం సిగ్గుపడుతూ, ఈ ద్రాక్షకి పాతకాలం నుంచి చెప్పే వాసన ఇంకోటుంది, పిల్లి ఉచ్చ అంది. మళ్లీ ముక్కు పెట్టి చూశాను. మా పెరటి ధాన్యపు గది! ఆవిడ అన్నది అక్షరాలా నిజం.

రెండోది వూవ్రే. చెనిన్ అనే ద్రాక్ష. ముక్కు పెట్టాను. ఆపిలు, తేనె అని పక్కవాళ్లు ఏదో అంటున్నారు. నాకు మాత్రం ఒక్కసారిగా గట్టు మీద ఎండ, గొడుగు ఊచ, బిరడా ముక్కలు. నా వంతు రాగానే ఆలోచించకుండా "వానలో తడిసిన గొంగళి" అనేశాను. తడిసిన ఉన్ని అని ఫ్రెంచిలో. ఆవిడ చేతిలో సీసా బల్లమీద పెట్టి నా వంక చూసింది. ఇదివరకు ఎక్కడైనా నేర్చుకున్నారా అంది. చెనిన్‌కి పుస్తకాల్లో రాసే మాట అదేనట. తడిసిన ఉన్ని. కొత్తవాళ్లెవరూ చెప్పరట.

నేర్చుకోలేదు, మా అన్నయ్య చెప్పాడు అన్నాను. ఆయన కూడా వైను తెలిసినవారా అంది. ఔనన్నాను. ఇంకేం అనను?

అప్పుడే సీసా ఆకారం కూడా చూశాను. బోర్డో సీసాలకి భుజాలు ఎత్తుగా ఉంటాయి, ఇక్కడివాటికి వాలుగా ఉంటాయి అని ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. మా ఇంట్లో పప్పునూనె సీసాకి భుజాలు వాలుగానే ఉంటాయి. బాబాయి తన వూరి వైనే తెచ్చాడన్నమాట. మేం దాంట్లో పంచదార కలిపాం.

ఎర్రది షినో అనే చోటుది. బెంగుళూరు మిరపకాయ కోసినప్పటి వాసన వచ్చింది. ఆవిడ టానిన్ గురించి చెప్పడానికి తంటాలు పడింది. నాలుక ఆరిపోయినట్టు, చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుంది, ఎక్కువసేపు మరగబెట్టిన టీ లాగ, అని. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వస్తుందట. తెల్ల వైనుకి రసాన్ని తొక్కలతో నాననివ్వరు కాబట్టి అందులో అంతగా ఉండదు. నేను చెయ్యెత్తి, మా భాషలో దీనికి చక్కటి పేరుంది, వగరు అంటాం, ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టి సంవత్సరాది నాడు తింటాం అన్నాను. వక్క, పచ్చి అరటికాయ, నేరేడు పండు, కరక్కాయ అని వరసపెట్టాను. ఆ పూటకి నేను క్లాసు లీడర్నైపోయాను. ప్రతి గుక్కా తమ్మపడిగలోకే పోయింది. నాకంటే బుద్ధిగా ఉమ్మినవాడు అక్కడ ఇంకొకడు లేడు.

రెండో పూట భోజనంతో వైనుని జతచేసే పాఠం. ఒక్కొక్కరికీ ఒక పళ్లెం పెట్టారు. నిమ్మబద్ద, ఉప్పు బిస్కెట్టు, పంచదార వేసిన కేకు ముక్క, పుట్టగొడుగు, ఒక మూల ఎర్రటి మిరప ముద్ద. అదే వైను ఒక్కో ముక్క తర్వాత ఎలా మారిపోతుందో చూడమంది. ఇది మాత్రం నాకు ఇంద్రజాలం లాగే అనిపించింది. నిమ్మబద్ద కొరికి తాగితే, అంతకుముందు పళ్లు పులిసిన వైను మెత్తబడిపోయింది. కేకు తిని తాగితే అదే వైను పులిసిపోయిన మజ్జిగ అయింది. అందుకే తీపి వంటకానికి దాన్ని మించిన తీపి వైను ఉండాలట. ఉప్పు తిన్నాక ఎర్ర వైను వగరు తగ్గింది. పుట్టగొడుగు తిన్నాక చేదు తేలింది. కారం తిన్నాక వైనులో ఉన్న సారా మంట రెట్టింపైంది, వగరు కరిచింది.

ఇదంతా వింటుంటే నాకు అమ్మ వంటిల్లే కళ్లముందు కదిలింది. పులుసులో చిన్న బెల్లంముక్క ఎందుకు వేసేది? ఆవకాయ అన్నంలోకి ముద్దపప్పు, నెయ్యి ఎందుకు? వీళ్లు గ్లాసుతో చేసే జతని మనవాళ్లు విస్తట్లోనే చేసేశారు. ఇంక గ్లాసుకి పని మిగల్లేదు, మంచినీళ్లతో సరిపోయింది. ఆ మాటే ఆవిడతో అంటే, అయితే మీ భోజనానికి ఏ వైను కుదురుతుందో మీరే చెప్పండి అంది.

నేను తయారుగానే వచ్చాను. మా తమ్ముడి ఫ్రిజ్‌లో ఉన్న మా ఆవిడ పెట్టిన ఆవకాయ ఒక చిన్న డబ్బాలో పట్టుకెళ్లాను. వాళ్ల మిరప ముద్దకి కళ్లనీళ్లు పెట్టుకున్న జనం ఆవకాయ పిండిని అగ్గిపుల్ల తలంత తీసుకున్నారు. ఒకాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం రైతుబిడ్డ అనిపించుకుంది. ముక్క కొరికి, ముఖం ఎర్రబడ్డా, వరసగా గ్లాసులు చూసింది. షినో ఎర్రది నోట్లో ఇనుపముక్కలా తగిలింది అంది. సాన్సేర్ ఆవకాయ ముందు నీరుగారిపోయింది. ఆఖర్న దెమి-సెక్ అని, కొంచెం తీపి మిగిల్చి చేసిన వూవ్రే ఒకటి తెరిచింది. ఆ రకంలో పులుపు బాగా ఉంటుంది, పైన సన్నటి తీపి. చూసి, కళ్లు మూసుకుని, నాకూ పోసింది.

నోట్లో ఆవకాయ మంట. పైన ఆ చల్లటి వైను. పులుపుకి పులుపు సరిపోయింది. మంట మీద తీపి దుప్పటి కప్పినట్టయింది. ఆవపిండి ఘాటు ముక్కులోంచి వెళ్లిపోయి, దాని వెనక తేనె. ఉమ్మడానికి వంగాను. నోట్లో ఏమీ లేదు.

జారిందో, మింగానో నాకు తెలీదు. ఆ రోజు నుంచీ ఆలోచిస్తున్నాను, ఇప్పటికీ తెలీదు. నోట్లో తిండి ఉన్నప్పుడు గొంతు దానంతట అది పని చేసేస్తుందని ఒక వాదన. రెండు పూటలు ముప్పైసార్లు ఉమ్మినవాడికి ముప్పై ఒకటోసారి ఎందుకు చేతకాలేదని ఇంకో వాదన. ఎంత బాగుందో తెలిసిన క్షణంలోనే గొంతు దిగింది, అది మాత్రం నిజం.

క్లాసు అయ్యాక మా తమ్ముడు వచ్చేదాకా నది ఒడ్డున కూర్చున్నాను. ఇంటికి ఫోను చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదైంది. సంగతి చెప్పాను.

"మింగారా, జారిందా?" అంది మా ఆవిడ.

"తెలీదు."

కాసేపు మాట్లాడలేదు. "సరే, ఇంటికొచ్చి అత్తగారి ఫోటో ముందు మీరే చెప్పుకోండి. ఉతికిన బట్టలు వేసుకుంటున్నారా?" అంది.

ఆ రాత్రి భోజనానికి మా మరదలు అలోజ్ అనే చేప వండింది. ఆమె అక్కడి పిల్లే. అలోజ్ అంటే మన పులసకి దగ్గర చుట్టం అనుకోండి. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కి వస్తుంది. మనకి వరద ఎర్రనీళ్లతో పులస వస్తే, వాళ్లకి వసంతకాలంలో ఇది. ఒళ్లంతా ముళ్లు, అదీ పులసలాగే. దాన్ని ల్వార్ ఒడ్డు వాళ్లు పులుపు ఆకుకూరతో వండుతారు. ఆ కూర తుంచి నోట్లో వేసుకుంటే సాక్షాత్తూ చుక్కకూర. రెండూ ఒక్క జాతి మొక్కలే. ఆ పులుపుకి ముళ్లు కరుగుతాయని వాళ్ల పెద్దవాళ్ల నమ్మకం. మనవాళ్లు పులసని చింతపండు పులుసులో రాత్రంతా ఉంచి మర్నాడు తినడం లేదూ?

బల్లమీద వూవ్రే సీసా పెట్టారు. అప్పుడు చెప్పాను, అంతా. 1974 నుంచి 1998 దాకా. మధ్యాహ్నం జరిగింది కూడా. తమ్ముడు మాట్లాడకుండా సీసా తీసి లోపల పెట్టబోయాడు. వద్దన్నాను. వాడి గ్లాసు ఒకసారి తీసుకుని వాసన చూసి ఇచ్చేశాను. నేను చేప తింటాను, నువ్వు తాగి ఎలా ఉందో తెలుగులో చెప్పు అన్నాను. పాపం, వాడి దగ్గర మాటలెక్కడివి? "పుల్ల... కొంచెం తీపి... మళ్లీ పుల్ల... ఏమంటారు అన్నియ్యా, పచ్చి జామకాయ?" అని వెతుక్కున్నాడు. ముద్ద ముద్దకీ ఒక మాట నేర్పాను. వగరు, కసరు, చిరుచేదు, ఘాటు. వాళ్ల నాన్న పోయాక వాడు ఒక్క పూటలో ఇన్ని తెలుగు మాటలు ఎప్పుడూ అనలేదన్నాడు.

మాటల్లో ఇంకో సంగతి తేలింది. క్లాసులో ఆవిడ, చెనిన్ ఇక్కడ పుట్టినా ఇప్పుడు దక్షిణాఫ్రికాలో అన్నిటికంటే ఎక్కువ పండుతుంది, మీ ఇండియాలోనూ ఉంది అంది. ఉన్నది నాసిక్‌లో. రాజీవ్ సామంత్ అనే ఆయన అక్కడ తోట వేసి 2000లో మొదటి వైను బయటికి తెచ్చాక చెనిన్‌కి పేరొచ్చింది. నాసిక్ అంటే త్రయంబకేశ్వరం, గోదారి పుట్టిన చోటు. అక్కణ్ణించి 1,465 కిలోమీటర్లు నడిచి మా యానాం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తలదగ్గర చెనిన్, తోకదగ్గర పులస! ఈ మాట విన్నాక మా తమ్ముడు ఊరుకుంటాడా?

2024 ఆగస్టులో దిగాడు. ఎర్రనీళ్లు వచ్చాయి. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గాని, ధర ఎంతయిందో ఇక్కడ రాయను, ఈ పత్రిక మా ఆవిడ కూడా చదువుతుంది. ఆవిడ మట్టిదాకలో, బెండకాయలు వేసి, ఆవకాయ నూనె పోసి వండింది. వైను కొనడం నా వంతు. తమ్ముడు వెళతానన్నాడు గాని నేనే వెళ్లాను. 1998 తర్వాత ఆ మెట్లు ఎక్కడం అదే. కౌంటరు వెనక కుర్రాడు లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, మీరా!" నా దగ్గర ఎనిమిదో క్లాసు చదివినవాడే.

"మా తమ్ముడికి" అన్నాను.

"అందరూ అలాగే అంటారండీ" అన్నాడు, చాలా గౌరవంగా.

నాసిక్ చెనిన్ ఒక్కటుంది. దుమ్ము తుడిచి ఇచ్చాడు. బిరడా లేదు, మర మూత. గొడుగు ఊచతో పని పడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పులస తిన్నాం. మా తమ్ముడు తాగాడు, నేను గ్లాసు వాసన చూశాను. గొంగళి లేదు, జామపండు ఉంది. పులుసుకి కుదిరిందా అంటే, కుదిరిందన్నాడు. ఆవకాయ నూనె మీద తీపి ఎలా పరుచుకుంటుందో చేత్తో చూపించాడు. నాకు ఆ రుచి తెలుసు గనక తల ఊపాను. మా ఆవిడ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, తనూ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ అనకుండా వాడికి ఇచ్చేసింది.

ఫోటో ముందు నేనెప్పుడో చెప్పుకున్నాను. జారిందనీ చెప్పాను, మింగాననీ చెప్పాను. రెండూ చెప్పాను.

సాయంత్రం మా ఆవిడ ఖాళీ సీసాని వేడినీళ్లతో కడిగి, గూట్లో పాతదాని పక్కన బోర్లించింది. దీని భుజాలూ వాలుగానే ఉన్నాయి. "ముట్టుకోకండి, తడి ఆరనివ్వండి. రేపు పప్పునూనె పోస్తాను" అంది.